కుండకు ఎరుపు ఎక్కడిది?

అందరికీ నమస్కారం. టెర్రకోటా గురించి, అంటే కాల్చిన మట్టి గురించి మాట్లాడమన్నారు. కళ, సంప్రదాయం, వారసత్వం అని మొదలుపెడితే మీరు ఫోన్లు బయటికి తీస్తారని తెలుసు, అందుకని రంగు సంగతే చెప్తాను. పెయింట్ షాపులో టెర్రకోటా షేడ్ అని చూపించే ఆ కావి రంగు అసలు కుండకి ఎలా వచ్చింది?

ఎర్రమట్టితో చేస్తారు కాబట్టి ఎర్రగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. కుమ్మరి తెచ్చుకునేది ఎక్కువగా చెరువు మట్టి, తడిగా ఉన్నప్పుడు బూడిద రంగులోనో దాదాపు నల్లగానో ఉంటుంది. కాకపోతే అందులో ఇనుము ఉంది. ఆములో, అంటే కుండలు కాల్చే బట్టీలో, కాలేటప్పుడు గాలి బాగా ఆడితే ఆ ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఎర్రబడుతుంది, సైకిల్ చైన్‌కి పట్టే తుప్పుకి దగ్గరి చుట్టమే అనుకోండి. గాలి అందకుండా పొగలోనే మగ్గితే అదే మట్టి నల్లగా వస్తుంది.

పశ్చిమ బెంగాల్‌లో బాంకురా జిల్లా పాంచ్‌మురా వాళ్ళు దీన్ని కావాలనే వాడుకుంటారు. నిటారు మెడ, నిక్కబొడుచుకున్న చెవుల మట్టిగుర్రాన్ని హస్తకళల షాపుల్లో చూసే ఉంటారు. మనకది షోకేసు బొమ్మ, అక్కడి పల్లెల్లో ధర్మ ఠాకూర్ అనే జానపద దేవుడికి చెల్లించే మొక్కు. కాళ్ళు, మెడ, ఒళ్ళు సారె మీద విడివిడిగా తీసి అతికిస్తారు, చెవులూ తోకా వేరే చేసి గుచ్చుతారు. ఆముకి పొగ పోయే కంతలు తెరిచి ఉంచితే ఎర్ర గుర్రం, మూసేస్తే నల్ల గుర్రం. పక్కనే బిష్ణుపూర్‌లో 1643లో కట్టిన శ్యామ్ రాయ్ గుడి గోడల నిండా కాల్చిన మట్టి పలకలే, అన్ని వానలు తిన్నా కరిగిపోలేదు. సుమారు 600 డిగ్రీలు దాటితే మట్టి రేణువుల్లోనే కలిసి ఉన్న నీరు కూడా వెళ్ళిపోతుంది, ఆ తర్వాత ఎంత నానబెట్టినా అది మళ్ళీ బురద కాదు.

అంతదూరం ఎందుకు, మన దగ్గర రాకాసి గూళ్ళు అంటామే, ఆ ఇనుపయుగం సమాధుల్లో లోపల, అంచు నలుపు, బయట కింది భాగం ఎరుపు ఉన్న కుండలు దొరికాయి. బోర్లించి కాలిస్తే అలా వస్తుందని చాలామంది పురావస్తు నిపుణుల మాట. వాళ్ళ దగ్గర థర్మామీటర్ లేదు మరి, మంట రంగు చూసి పని నడిపించారు!

ముందు వరసలో కుండ పెంకులు పెట్టాను, చేతికి తీసుకుని పగిలిన అంచు చూడండి. రెండు ఎర్రటి పొరల మధ్య నల్లటి గీత కనిపిస్తోందా? మట్టిలోని ఆకూ అలమూ పూర్తిగా కాలేంత టైమ్ ఆ కుండకి దొరకలేదన్నమాట. గీత లేకపోతే తీరిగ్గా కాలింది.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను, ఇది నా చిరాకు కూడా. ఎండాకాలం రోడ్డు పక్కన అమ్మే కుండలకి ఎనామిల్ పెయింట్ కొట్టి, పైన పూలు వేసి ఎక్కువ రేటు చెప్తున్నారు, మనం కొంటున్నాం. నీళ్ళు చల్లబడేది సన్న రంధ్రాల్లోంచి చెమ్మ బయటికి వచ్చి ఆవిరైనప్పుడే. పెయింట్ ఆ రంధ్రాలని మూసేస్తుంది. పూలకుండీకైతే మీ ఇష్టం, తాగే నీళ్ళకి మాత్రం ఏ పూతా లేనిది అడగండి, వేలితో కొట్టి చూడండి, ఖంగుమంటే తీసుకోండి, బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉండొచ్చు. ప్రశ్నలుంటే అడగండి.