మహమ్మద్ రఫీకి పప్పన్నం కావాలట

శ్రోతలకు నమస్కారం.

డిసెంబరు 24 హిందీ సినిమా గాయకుడు మహమ్మద్ రఫీ పుట్టినరోజు. 1924లో అమృత్‌సర్ దగ్గర కోట్లా సుల్తాన్ సింగ్ అనే పల్లెలో పుట్టారు, 1980 జూలై 31న బొంబాయిలో కన్నుమూశారు. మిగతా చరిత్ర నేను చెప్పను. ఏ సినిమాకు ఏ పాట, ఏ సంగీత దర్శకుడు, ఏ రాగం, ఇవన్నీ నాకన్నా బాగా తెలిసినవాళ్లు మన వరంగల్‌లో వాడకొకరున్నారు. మండిబజార్‌లో చాయ్ హోటల్ ముందు నిలబడి రఫీ పాట ఒక్క లైను తప్పు పాడి చూడండి, లోపల్నుంచి ఎవరో ఒకరు సరిదిద్దుతారు. అందుకే పాటల జోలికి పోను. మైకు ముందు నుంచి లేచి ఇంటికెళ్లాక ఆ మనిషి ఏం చేసేవారు? ఏం తినేవారు? ఈ కాసేపూ అదే ముచ్చట.

మా పెద్దబాపు ఆజంజాహి మిల్లులో పనిచేసేవాడు. బుధవారం రాత్రి రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా అనే హిందీ పాటల ప్రోగ్రాం వచ్చే టైముకు ఇంట్లో ఎవరూ గిన్నె చప్పుడు కూడా చేయొద్దు. ఆ ప్రోగ్రాం నడిపే అమీన్ సయానీ గొంతు వినపడగానే చేయి పైకెత్తేవాడు. ఇక అందరూ నోరు మూసుకోవాల్సిందే. ఆయనకు రఫీ మీద ఒక గట్టి నమ్మకం ఉండేది. "ఆ గొంతు ఊకెనే వస్తదా? పొద్దుగాల బాదం పాలు, పగటికి తేనె, రాత్రికి మళ్ల బాదం పాలు. మనలెక్క పప్పు, తొక్కు తింటే అట్ల పాడగలడా?" అనేవాడు. మా పెద్దమ్మ తాలింపు పెడుతూ, "అయితే మీరు గూడ బాదం పాలే తాగుండ్రి, నాకు పని తప్పుతది" అని అంటించేది.

బాదం పాల సంగతి నాకు తెలియదు గాని, పప్పు సంగతి తెలుసు. రఫీ గారి కోడలు యాస్మిన్ ఖాలిద్ రఫీ తన మామగారి జ్ఞాపకాలు పుస్తకంగా రాశారు. అందులోది ఈ ముచ్చట. నాకు చాలా ఇష్టమైంది, అందుకే తాపీగా చెబుతాను.

ఇంగ్లండ్‌లో కోవెంట్రీ అనే ఊరుంది. అక్కడ రఫీ గారి పాటకచేరీ. కొడుకు ఖాలిద్, కోడలు యాస్మిన్ లండన్‌లో ఉండేవారు. నాన్న వచ్చారని ఇద్దరూ కోవెంట్రీ వెళ్లి కలిశారు. చూస్తే మనిషి డీలాగా ఉన్నారు. ఒంట్లో బాగాలేదా? బాగానే ఉంది. గొంతా? గొంతుకేమీ కాలేదు. మరేమిటి? తిండి. అక్కడి తిండి నోటికి పట్టడం లేదు. నిర్వాహకులు మర్యాదల్లో ఏం తక్కువ చేసి ఉండరు, పెద్ద హోటలు, పెద్ద భోజనమే పెట్టి ఉంటారు. కానీ నాలుక ఒప్పుకోవాలి గదా!

అప్పుడు కొడుకును అడిగారట, ఇక్కడి నుంచి లండన్ ఎంత దూరం అని. మూడు గంటల ప్రయాణం అన్నాడు కొడుకు. వెంటనే కోడలి వైపు తిరిగి, గంటలో పప్పు, అన్నం, చట్నీ చేయగలవా అమ్మా అని అడిగారు. చేస్తానంది. అయితే పదండి లండన్ పోదాం, సాయంత్రం ప్రోగ్రాం టైముకు వచ్చేద్దాం, ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు అన్నారట.

కోవెంట్రీ నుంచి లండన్‌కు ఎంతో తెలుసా? ఇంచుమించు మన హన్మకొండ నుంచి హైదరాబాద్ ఎంతో అంత. అంటే సాయంత్రం హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లో పాడాల్సిన మనిషి, ఎవరికీ చెప్పకుండా పొద్దున కారెక్కి, హైదరాబాద్‌లో కోడలింట్లో పప్పన్నం తిని, మళ్లీ ఘట్‌కేసర్, భువనగిరి, జనగామ దాటుకుంటూ వచ్చి స్టేజీ ఎక్కినట్టు! పోను మూడు గంటలు, రాను మూడు గంటలు, మధ్యలో వంట, అంతసేపూ ఇక్కడి నిర్వాహకుడి పరిస్థితి ఊహించండి. హోటల్ గది తలుపు కొడతాడు, పలకరు. ఫోన్ చేద్దామంటే సెల్‌ఫోన్లు లేని కాలం. ఆ టెన్షన్‌తోనే సగమైపోతాడు.

లండన్‌లో యాస్మిన్ పప్పు, అన్నం, చట్నీ చేసి, ఉల్లిగడ్డ, టమాటా ముక్కలు కోసి పెట్టారు. మామగారు తృప్తిగా తిని కోడలిని దీవించారు. ఇష్టమైన వస్తువు దొరికిన చిన్నపిల్లాడిలా ఉంది ఆయన మొహం అని కోడలు రాశారు. అన్నట్టుగానే టైముకు కోవెంట్రీ చేరుకున్నారు. భోజనం కోసం లండన్ దాకా పోయొచ్చామని చెబితే నిర్వాహకులు నోరెళ్లబెట్టారు. మా పెద్దబాపు ఉన్నప్పుడు ఈ ముచ్చట నాకు తెలియదు. తెలిసుంటే ముందు మా పెద్దమ్మకే చెప్పేవాణ్ని.

నన్నడిగితే, ఆయన ఆ పప్పన్నం అడిగిన తీరే నాకు నచ్చింది. గొడవ చేయలేదు, హోటల్ వాళ్లను ఒక మాట అనలేదు, వంటవాణ్ని పిలిపించలేదు. లేచి కారెక్కారు, అంతే. రఫీ గురించి ఆయనతో పనిచేసినవాళ్లు చెప్పే మాటలన్నీ ఇట్లాగే ఉంటాయి. తాగుడు లేదు, సిగరెట్ లేదు, పార్టీలు లేవు. గొంతు పెంచి మాట్లాడరు. సంగీత దర్శకులు లక్ష్మీకాంత్, ప్యారేలాల్ జంట అప్పుడే పైకొస్తున్న రోజుల్లో పాటకిచ్చిన డబ్బు తిరిగి వాళ్ల చేతిలోనే పెట్టి, మీరిద్దరూ పంచుకోండి అన్నారని చెబుతారు. చిన్నప్పుడు లాహోర్‌లో తన కుటుంబం నడిపే కటింగ్ షాపులో పనిచేసిన మనిషి. రూపాయి విలువ తెలుసు, అది లేనివాళ్ల బాధా తెలుసు. తొలి రోజుల్లో ఆయనకు అవకాశమిచ్చింది లాహోర్ రేడియో. రేడియోలో కూర్చుని ఆ మాట చెప్పకపోతే ఎట్లా!

మన ఎన్టీఆర్‌కు కూడా పాడారు. 1969లో భలే తమ్ముడు గుర్తుంది గదా. మనకు తెలుగు పాటలు మిగిల్చిన మనిషి, ఆ చనువుతోనే ఇదంతా చెబుతున్నాను.

సంక్రాంతి దగ్గర పడుతోంది, పతంగుల ముచ్చట కూడా చెప్పాలి. రఫీకి పతంగుల పిచ్చి. రికార్డింగ్ లేకపోతే మేడ మీదే. బ్యాడ్మింటన్, క్యారమ్స్ కూడా ఆడేవారు గాని, పతంగి తర్వాతే ఏదైనా. బొంబాయిలో గాయకుడు మన్నాడే వాళ్లకు దగ్గర్లోనే ఉండేవారు. ఆయనా పతంగి ఎగరేసేవారు. ఇద్దరికీ పేంచి, అంటే దారానికి దారం వేసి కోసుకునే పోటీ, పడేది. పడిన ప్రతిసారీ తెగేది ఎవరిది? రఫీదే! మన్నాడే కలకత్తాలో పెరిగినవాడు, పతంగులు ఆయనకు చిన్ననాటి విద్య. నా పతంగి ప్రతిసారీ ఎట్లా కోస్తున్నావని రఫీ అడిగేవారట, కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని. ఈ సంగతి మన్నాడే పెద్ద వయసులో కూడా మురిసిపోతూ చెప్పుకునేవారు. పాటలో రఫీని మించినవాడు లేడని ఒప్పుకున్న మనిషే, పతంగి దగ్గర మాత్రం ఒక్క అంగుళం తగ్గలేదు. మన పోచమ్మమైదాన్ పిల్లలు గనక అప్పుడు ఆ పక్క మేడ మీద ఉండుంటే ఇద్దరి పతంగులూ కోసి, మాంజా కూడా లాక్కునేవాళ్లు.

ఇక అసలు విషయం. మన దగ్గర ఊరూరా పాటకచేరీలు జరుగుతాయి. గుడి ఉత్సవాలు, కాలేజీ వార్షికోత్సవాలు, పెళ్లిళ్లు. పేరున్న గాయకులను పిలుస్తాం. ప్రేమ ఎక్కువై రైలు దిగినప్పటి నుంచి తిండి పెడతాం. బిర్యానీ, తలకాయ కూర, సకినాలు, మళ్లీ ఎవరింట్లోనో గారెలు. కాదంటే చిన్నబుచ్చుకుంటాం. తినలేక, కాదనలేక ఆ మనిషి సాయంత్రం ఆయాసపడుతూ పాడుతుంటే, ఈసారి గొంతు బాగాలేదని మనమే అంటాం.

ఈసారి ఎవరినైనా పిలిచినవాళ్లు ఒక పని చేయండి. ముందు రోజే ఫోన్ చేసి, అయ్యా మీరేం తింటారు, ఏ టైముకు తింటారు అని అడగండి. ఆరింటికి ప్రోగ్రాం ఉంటే రెండు, మూడింటికల్లా భోజనం అయిపోవాలి. తర్వాత గదిలో ఒంటరిగా వదిలేయండి, సెల్ఫీలు వద్దు. శాలువాలు, సన్మానాలు పాటలయ్యాక పెట్టుకోండి. ముద్దపప్పు, టమాటా తొక్కు చాలు అని వాళ్లంటే నమ్మండి, మొహమాటానికి అంటున్నారనుకుని పది రకాలు వండొద్దు.

ఉంటాను. నమస్కారం.