తురాయి చెట్టు కొట్టాలా, ఉంచాలా? చెన్నై శ్రోతలతో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. ఐశాన్యం వానలు రాకముందే చెట్ల సంగతి తేల్చుకుందామని ఈ వారం తోటల శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన్ని పిలిచాం. మొదటి కాల్ పెరంబూరు నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండి. మా ఫ్లాట్లలో ఇరవై నాలుగు ఇళ్లు, నేను అసోసియేషన్ సెక్రటరీని. పార్కింగ్ పక్కన పెద్ద తురాయి చెట్టుంది. పోయిన తుఫానుకి కొమ్మ విరిగి స్కూటీ మీద పడింది. సగం మంది కొట్టేయాలంటారు, సగం మంది కొడితే ఊరుకునేది లేదంటారు. వాట్సాప్ గ్రూపులో రోజూ టెన్షనే. మొన్న ఓటింగు పెడితే పన్నెండుకి పన్నెండు వచ్చాయి.

సలహాదారు: చెట్టు బలం ఓటింగులో ఎలా తేలుతుందమ్మా! కొట్టమనేవాళ్లు ఏమంటున్నారు?

కాలర్: అది మన దేశపు చెట్టు కాదు, ఇన్వేసివ్, గాలికి నిలవదు అంటున్నారు.

సలహాదారు: అందులో రెండు మాటలు నిజం, ఒకటి కాదు. తురాయి పుట్టిల్లు మడగాస్కర్. కొమ్మ పెళుసు, వేర్లు పైపైనే పాకుతాయి. 2016 డిసెంబర్ 12న వర్దా తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో వేల చెట్లు కూలాయి. వాటిలో తురాయిలు, పసుపు పూల తురాయిలు, నిద్రగన్నేరులు, అదే ఇక్కడివాళ్లు తూంగుమూంజి అంటారే, చాలా ఉన్నాయి. కానీ పై దేశం నుంచి వచ్చిన ప్రతి చెట్టూ ఇన్వేసివ్ కాదు. దానంతటదే విత్తనం చల్లుకుని పక్క మొక్కల్ని బతకనివ్వని దాన్నే అలా అనాలి. సర్కారు తుమ్మ అలాంటిది, సుబాబుల్ అలాంటిది. మీ తురాయి పార్కింగ్ దాటి ఎక్కడికీ పోలేదు కదా. అన్నట్టు వర్దాలో వేపలు కూడా పడ్డాయి. దేశవాళీ అన్నంత మాత్రాన గాలి వదిలిపెట్టదు.

కాలర్: మరి ఎలా తేల్చాలండీ?

సలహాదారు: చెట్టు ఏ వైపు వాలింది?

కాలర్: ట్రాన్స్‌ఫార్మర్ వైపు.

సలహాదారు: కొస చూడండి. ఎన్నాళ్ల నుంచో వాలిన చెట్టయితే వెలుతురు కోసం కొస పైకి తిరిగి ఉంటుంది. ఈమధ్య వాలిందయితే మొదలు నుంచి కొస దాకా ఒకటే వాలు, గోడకి ఆనించిన నిచ్చెనలాగ. ఇంకోటి, చెట్టు మొదలు దగ్గర నేల చూడండి. వాలిన వైపు కాదు, దానికి ఎదురు పక్క నేల లేచిందా, పగిలిందా?

కాలర్: అయ్యో, ఆ పక్క టైల్స్ లేచాయండీ. టైల్స్ సరిగ్గా వేయలేదని మేస్త్రీతో గొడవ కూడా పడ్డాం.

సలహాదారు: మేస్త్రీ తప్పు కాకపోవచ్చు. వేరు లావెక్కినా టైల్స్ లేస్తాయి, అప్పుడు ఒక గీతలా ఉబ్బుతాయి. అలా కాకుండా కింద ఖాళీ ఏర్పడితే భయపడాలి. ఈదురుగాలి వీచే రోజు దూరంగా నిలబడి చూడండి. చెట్టు ఊగినప్పుడల్లా ఆ చోటు లేచి దిగుతుంటే ఇక ఆలోచించొద్దు. చెట్టు పక్కన ఎప్పుడైనా తవ్వారా?

కాలర్: మూడేళ్ల కింద కొత్త సంపు కట్టాం. అటువైపే.

సలహాదారు: అదీ సంగతి. సంపు కోసం వేర్లు నరికేశారు, మొదలు దాకా టైల్స్ పరిచేశారు. కరెంటు వాళ్లు లైనుకి అడ్డమని ఒక పక్క కొమ్మలే కొట్టుంటారు. అన్నీ మనమే చేసి చెట్టుది విదేశీ బుద్ధి అంటే ఎలాగమ్మా? ముందు మొదలు చుట్టూ ఓ మూడడుగులు టైల్స్ తీయించండి. పుట్టగొడుగులు కనిపిస్తే, సుత్తితో తడితే డొల్ల చప్పుడొస్తే, చెట్లు తెలిసినవాళ్లని పిలిచి వాళ్ల మాట రాతలో తీసుకోండి. కొట్టక తప్పదంటే ఆ కాగితంతో కార్పొరేషన్‌కి అర్జీ పెట్టండి, వాళ్ల హెల్ప్‌లైన్ 1913కి ఫోన్ చేసినా దారి చెబుతారు. రోడ్డు పక్క చెట్టయితే జిల్లా గ్రీన్ కమిటీ అనుమతి కావాలి.

కాలర్: ఒకవేళ బాగానే ఉంటే?

సలహాదారు: పలచన చేయించండి. పావు వంతు కొమ్మలకి మించొద్దు. తల మొత్తం నరికి మొండి చేస్తే మళ్లీ వచ్చే చిగుళ్లు గట్టిగా అతుక్కోవు, అవి పెద్దయ్యాక మొదటి గాలికే ఊడతాయి.

వ్యాఖ్యాత: తర్వాత మాధవరం నుంచి. త్వరగా అడగండి సార్.

కాలర్: మా ఖాళీ స్థలమంతా సర్కారు తుమ్మ. ఏటా కొట్టిస్తాం, ఏటా వస్తుంది. పక్కవాళ్లు పిట్టలు ఉంటాయి, ఉంచమంటారు.

సలహాదారు: మొద్దు ఉంటే చిగురిస్తుంది. జేసీబీతో వేరుతో సహా లాగించాలి, తర్వాత రెండేళ్లు మొలకలు పీకాలి. ఇది మన కడప జిల్లా కమలాపురంలో 1877లో నాటిన చెట్టు సార్, వంటచెరకు కోసం. ఇప్పుడు చెరువులు కూడా దానివే. పిట్టల మాట నిజమే. అందుకే ఒక పక్క నుంచి తీస్తూ, ఖాళీ అయిన చోట కానుగ, నేరేడు పెట్టుకుంటూ పోండి.

వ్యాఖ్యాత: మళ్లీ పెరంబూరు. చెప్పండి సార్.

కాలర్: ఇందాక మాట్లాడిన అమ్మాయి మా సెక్రటరీయే. ఆ చెట్టు నాటింది నేను. మా అబ్బాయి పుట్టిన ఏడు, 1994లో. వర్దాకి చుట్టుపక్కల అన్నీ పడ్డాయి, ఇది కదల్లేదు. ఇప్పుడు కొట్టేస్తారా?

సలహాదారు: వర్దా నాటికి దానికి అన్ని వైపులా వేర్లున్నాయి సార్. సంపు తవ్వింది ఆ తర్వాత.

కాలర్: ... తవ్వేటప్పుడు నేను అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నా చెయ్యంత లావు వేరు. అడ్డం వస్తోంది తీసెయ్యమన్నాను.

సలహాదారు: మీరొక్కరే కాదు సార్, అందరం అంతే.

కాలర్: నన్ను ఎవరూ అడగలేదండీ. గ్రూపులో చెట్టు కింద ఇంటూ గుర్తేసిన ఫోటో పెట్టారు, అంతే.

సలహాదారు: అది మాత్రం తప్పే. అమ్మా, వింటుంటే ఆ ఫోటో తీసేయండి. సార్, టైల్స్ తీసేటప్పుడు మీరూ అక్కడ ఉండండి. పోవాల్సి వస్తే ఆ చోట పొగడ గానీ పున్నాగ గానీ మీ చేత్తోనే పెట్టండి, సంపుకి దూరంగా.

కాలర్: పొగడ ఎదిగేసరికి నేనుంటానా! సరే, సుత్తి ఇనుపదా, చెక్కదా?

సలహాదారు: చెక్కదే మంచిది.

కాలర్: నా దగ్గరుంది. ముందు నేను కొట్టి వింటాను, తర్వాతే వాళ్లు.