మా క్విల్ట్ గిల్డ్‌లో అమ్మమ్మ బొంత

నమస్తే అండి, అందరూ బాగున్నారా? "శనివారం వస్తే చాలు, ఆ సంచీ పట్టుకుని ఎక్కడికే వెళ్తావు?" అని మా పిన్ని నెల రోజులుగా వాట్సాప్‌లో అడుగుతోంది. పిన్నీ, ఈ వీడియో నీకోసమే.

నేను వెళ్లేది ఇక్కడ అమెరికాలో ఒక క్విల్ట్ గిల్డ్‌కి. అంటే క్విల్టులు కుట్టేవాళ్ల సంఘం. ఏడాదికింత అని చందా కట్టి, ఒక చర్చి హాల్లో కలుస్తారు. క్విల్ట్ అంటే మన బొంతే అనుకోండి. కాకపోతే మనం పాత చీరలు పరిచి కుడతాం, వీళ్లు కొత్త గుడ్డ కొని, ముక్కలు కోసి, మళ్లీ అతుకుతారు. ఇదిగో, ఈ కాటన్ గజం 14 డాలర్లు. మన డబ్బుల్లో పన్నెండు వందల పైమాటే! నా క్విల్ట్ 60 అంగుళాల వెడల్పు, 80 పొడవు. పైకీ అడుగుకీ కలిపి పదకొండు గజాలు పట్టింది, అంటే గుడ్డకే పదమూడు వేలు. మధ్యలో వేసే దూది పొర, బ్యాటింగ్ అంటారు, అది వేరే. మూడు పొరలూ కలిపి పెద్ద మెషీన్ మీద కుట్టించుకుంటే చదరపు అంగుళానికి రెండు సెంట్లు, మొత్తం 96 డాలర్లు. ఇంకో ఎనిమిది వేలు. హాల్లోకి ఎవరు రాగలరో సగం ఈ ధరలే తేల్చేస్తాయి. అందుకే మా గిల్డ్‌లో మిగిలిన గుడ్డలన్నీ ఒక బల్ల మీద పెడతారు, కావలసినవాళ్లు ఊరికే తీసుకోవచ్చు.

మిగతా సగం తేల్చేది మీటింగ్ టైము. మొదట్లో మంగళవారం పొద్దున పదింటికి పెట్టేవాళ్లు. ఉద్యోగం చేసేవాళ్లు ఎలా వస్తారు? శనివారానికి మార్చాకే నేను చేరాను. మార్చమని పట్టుబట్టింది ఒక పెద్దావిడ, నల్లజాతి ఆవిడ. ఇక్కడ జార్జియా రాష్ట్రంలో పెద్దవాళ్లని పేరుకి ముందు 'మిస్' చేర్చి పిలుస్తారు, మనం అక్కా, పిన్నీ అన్నట్టు. ఈ ఊళ్లో నాలుగేళ్ల నుంచి ఉంటున్నాం. నేను రాకముందే నాకోసం కుర్చీ ఆపి ఉంచేది ఆవిడ ఒక్కరే.

బైండింగ్, అంటే అంచు చుట్టూ వేసే పట్టీ, ఎలా కుట్టాలో చూపిద్దామని కెమెరా పెట్టాను కానీ, ముందు ఈ బొంత సంగతి చెప్పాలి.

ఇది మా అమ్మమ్మ కుట్టింది. దగ్గరగా చూడండి, పైన నీలం చీర అరిగిపోయి కింది చీర పసుపు అంచు కనిపిస్తోంది. ఇక్కడ తెల్లదారం అయిపోయినట్టుంది, ఎర్రదారంతో అందుకుంది. పోయినేడాది దీన్ని గిల్డ్ ప్రదర్శనలో పెట్టాను. జడ్జి చీటీలో మూడు మాటలు రాశారు: కుట్లు సమానంగా లేవు, బ్యాటింగ్ లేదు, బైండింగ్ లేదు. ఆ రోజు కార్లో కూర్చుని ఏడ్చాను.

ఆ పెద్దావిడ, మా మిస్, ఆ చీటీ చదివి హ్యారియెట్ పవర్స్ గురించి చెప్పారు. ఈ జార్జియాలోనే 1837లో బానిసగా పుట్టిన మనిషి. బైబిల్ కథల్ని బొమ్మలుగా కత్తిరించి క్విల్ట్ మీద కుట్టింది. పది డాలర్లు అడిగితే, 1891లో ఐదుకే ఇచ్చెయ్యాల్సి వచ్చింది. ఇవాళ నేను కొనే అర గజం గుడ్డ కూడా రాదు ఆ డబ్బుకి. ఆ క్విల్ట్ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

పక్కనే అలబామాలో జీస్ బెండ్ అనే ఊరుంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పొలం పనుల్లో చిరిగిన బట్టలతో కుట్టిన క్విల్టులు 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో పెట్టారు, 2006లో పోస్టల్ స్టాంపుల మీద వేశారు. మిస్సోరి పెట్‌వే అనే ఆవిడ 1942లో, భర్త పోయాక, ఆయన పని బట్టలన్నీ కలిపి కుట్టుకుంది. ఫొటోలో దాన్ని చూస్తే ప్యాంటు మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన రంగు అలాగే ఉంది. మా అమ్మ చూస్తే "ఇది బొంతే కదే" అంటుంది.

మిస్ ఆ చీటీ తీసుకెళ్లి కమిటీలో పెట్టారు. మూడు మీటింగుల పాటు వాదన. "రూల్స్ అందరికీ ఒకటే ఉండాలి" అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, సమానమైన కుట్టు కోసం నలభై ఏళ్లు కష్టపడ్డ చేతులవి. ఇంకొకరు మంచి మనసుతోనే "ఇతర దేశాలవి అని వేరే విభాగం పెడదాం" అన్నారు. నేను లేచి వద్దన్నాను. మాకు విడిగా ఒక మూల అక్కర్లేదు. అదే వరసలో, వాళ్ల క్విల్టుల పక్కనే వేలాడదీయండి, కాకపోతే చేతికుట్టు తెలిసిన జడ్జిని పిలవండి అన్నాను. నా గొంతు వణికింది. మిస్ నా చెయ్యి పట్టుకున్నారు.

ఈసారి ప్రదర్శన ఫారంలో కొత్తగా ఒక గడి వచ్చింది: ఇది ఏ పద్ధతిలో కుట్టారు? ఇంగ్లీషు అక్షరాల్లో 'బొంత' అని రాశాను. కుట్టినవారి పేరు దగ్గర అమ్మమ్మ పూర్తి పేరు రాశాను.

ఒక్క గడి మిగిలింది, కుట్టిన సంవత్సరం. అమ్మ ఏమో నువ్వు పుట్టిన ఏడు అంటోంది, అత్తయ్య కాదు అంతకుముందే అంటోంది. పిన్నీ, ఆ నీలం చీర ఎవరి పెళ్లికి కొన్నారో నీకు గుర్తుందా? వీడియో చూడగానే ఫోన్ చెయ్యి. ఇక్కడ అర్ధరాత్రయినా పర్లేదు, ఎత్తుతాను.