లాప్‌టాప్ ధరలో లెక్కకు రాని ఖర్చు

శ్రోతలందరికీ నమస్కారం.

2005 నవంబరులో ట్యునిస్ నగరంలో ఐక్యరాజ్యసమితి సమాచార సదస్సు జరిగింది. అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రొఫెసర్ నికొలస్ నెగ్రోపాంటే అక్కడ ఒక చిన్న ఆకుపచ్చ లాప్‌టాప్‌ను చూపించారు. పేద దేశాల్లో బడికెళ్లే ప్రతి బిడ్డకూ ఒకటి ఇవ్వాలన్నది ఆయన సంకల్పం. ధర వంద డాలర్లు అన్నారు. కరెంటు లేని ఊళ్లలో తిప్పి ఛార్జ్ చేసుకోవడానికి దానికి పసుపుపచ్చ పిడి కూడా పెట్టారు. సదస్సులో అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ తిప్పబోతే ఆ పిడి ఊడి చేతికొచ్చింది. తయారీ నాటికి దాన్ని తీసేశారు. వంద డాలర్ల ధర కూడా నిలవలేదు. 2007 చివర్లో తైవాన్ కంపెనీ క్వాంటా ఉత్పత్తి మొదలుపెట్టేసరికి ఒక్కోటి దాదాపు 190 డాలర్లు పడింది.

అయినా ఆ యంత్రం మీద నాకు గౌరవం ఉంది. మేరీ లూ జెప్సెన్ రూపొందించిన దాని తెర మీద అక్షరాలు మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడా కనిపిస్తాయి. చెట్టు కింద బడి నడిచే ఊరికి అది ఎంత పెద్ద మేలో! దుమ్ము, నీటి చుక్కలు లోపలికి పోకుండా కీబోర్డు మీద రబ్బరు పొర వేశారు. ఇంటర్నెట్ లేకపోయినా దగ్గర దగ్గరగా ఉన్న లాప్‌టాప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు చేశారు. పల్లె పిల్లలను మనసులో పెట్టుకుని చేసిన పని అది.

చిక్కు వచ్చింది బడిలో.

పెరూ దేశం ఎనిమిది లక్షలకు పైగా లాప్‌టాప్‌లు కొని, ముందుగా కొండ ప్రాంతాల పల్లెలకు పంపింది. అంతర అమెరికా అభివృద్ధి బ్యాంకు పరిశోధకులు అక్కడి 319 ప్రాథమిక పాఠశాలలను పరిశీలించి 2012లో ఫలితాలు వెల్లడించారు. లెక్కల్లో గానీ, భాషలో గానీ లాప్‌టాప్‌లు అందిన బడులకూ, అందని బడులకూ తేడా కనిపించలేదు. ఆలోచనాశక్తిని కొలిచే పరీక్షల్లో మాత్రం కొంత మెరుగుదల కనిపించింది. చాలా బడులకు ఇంటర్నెట్ లేదు. టీచర్లకు ఇచ్చిన శిక్షణ కొద్ది రోజులే. పిల్లల్లో చాలామంది లాప్‌టాప్‌ను ఇంటికి తీసుకెళ్లలేదు. పోతే, పగిలితే డబ్బు కట్టాల్సి వస్తుందేమోనని కొందరు తల్లిదండ్రులు భయపడ్డారు. రెక్కాడితే గాని డొక్కాడని ఇంటికి ఆ టెన్షన్ ఉండటంలో తప్పేముంది?

యంత్రం చేతికిస్తే పిల్లలు తమంతట తామే నేర్చుకుంటారన్న నమ్మకం ఈ పథకానికి పునాది. పిల్లలకు ఆ తెలివి ఉంది, కాదనను. కానీ ఆ నమ్మకంతో టీచర్ని పక్కన పెట్టేయడం పెద్ద పొరపాటని నా అభిప్రాయం. మన దేశం 2006లోనే ఈ పథకం వద్దంది. ముందు తరగతి గదులు, ఉపాధ్యాయులు కావాలని అప్పటి కేంద్ర విద్యాశాఖ అధికారులు చెప్పారు. ఆ మాటలో న్యాయం ఉంది.

ఉరుగ్వే కథ వేరు. అది జనాభా 35 లక్షలు దాటని చిన్న దేశం. 2007లో విల్లా కార్దాల్ అనే పల్లెలో మొదలుపెట్టి, 2009 కల్లా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లోని పిల్లలందరికీ లాప్‌టాప్‌లు ఇచ్చింది. ఆ పథకం పేరు ప్లాన్ సెయిబాల్. లాప్‌టాప్‌తో పాటు బడులకు ఇంటర్నెట్ వేశారు, పాడైన వాటిని బాగుచేసే వ్యవస్థ పెట్టారు. తెర పగిలిన లాప్‌టాప్ మూలన పడితే ఆ బిడ్డ చదువు కూడా అక్కడితో ఆగుతుంది కదా! ఇంత చేసినా తొలి సంవత్సరాల్లో లెక్కల మార్కులు, చదివే సామర్థ్యం పెరిగినట్టు ఆర్థికవేత్తల అధ్యయనంలో తేలలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు. మీ ఊరి బడికి ఇలాంటివి వస్తే ధర ఎంతని అడిగి ఊరుకోకండి. పాడైతే ఎవరు బాగుచేస్తారు, టీచర్లకు ఎన్ని రోజులు నేర్పారు, పాఠాలు తెలుగులో ఉన్నాయా అని కూడా అడగండి. ఈ ఖర్చులన్నీ ఆ ధరలో భాగమే.

ఉరుగ్వే లాప్‌టాప్‌లు ఇవ్వడంతోనే ఆగలేదు. ప్రాథమిక బడుల్లో ఇంగ్లీషు చెప్పగల టీచర్లు చాలినంత మంది లేరు. 2012లో బ్రిటన్ సాంస్కృతిక, విద్యా సంస్థ బ్రిటిష్ కౌన్సిల్‌తో కలిసి ఒక ఏర్పాటు చేసింది. వారానికి ఒక పాఠం దూరాన ఉన్న ఇంగ్లీషు టీచరు వీడియోలో చెబుతారు. వాళ్లలో కొందరు అర్జెంటీనాలో, కొందరు ఫిలిప్పీన్స్‌లో ఉంటారు. మిగతా రోజుల్లో అదే పాఠాన్ని తరగతి టీచరు పిల్లలతో సాధన చేయిస్తారు. ఈ తరగతి టీచర్లలో ఎంతోమందికి ఇంగ్లీషు అంతంతమాత్రమే, అందుకే పిల్లలతో పాటు వాళ్లూ నేర్చుకుంటున్నారు.