ఖండించారా, కాదన్నారా?

సభకు నమస్కారం.

ఇంగ్లీషు సంభాషణలో చెవికి గుచ్చుకునే తప్పుమాటల గురించి మాట్లాడమన్నారు. ఒక సంగతి ముందే చెబుతాను. వ్యాకరణం తడబడినవాళ్లను పట్టుకుని చిన్నబుచ్చడం నాకు బొత్తిగా గిట్టదు. 'ఫ్యూయర్' అనవలసిన చోట 'లెస్' అంటే కొంపలేమీ మునిగిపోవు. 'రిగార్డ్‌లెస్'కు బదులు 'ఇర్రిగార్డ్‌లెస్' అంటే వినడానికి కటువుగా ఉంటుంది, అయినా దానివల్ల ఎవరూ అపార్థం చేసుకోరు. నన్ను బాధపెట్టేవి వేరు. కొన్ని మాటలను తప్పుగా వాడీ వాడీ, అవి చేసే పనిని చేయడానికి మరో మాట లేకుండా చేసుకుంటున్నాం.

అందరూ మొదట తిట్టేది 'లిటరల్లీ'ని. దాని పని ఒక్కటే: ఇది అతిశయోక్తి కాదు, అక్షరాలా జరిగింది అని వినేవారికి హామీ ఇవ్వడం. 'కాళ్ల కింద నేల లిటరల్లీ కదిలిపోయింది' అని ఒక స్నేహితురాలు ఫోనులో చెప్పిందనుకోండి. భూకంపం వచ్చిందా, చెడ్డ కబురేదైనా విన్నదా? తిరిగి అడిగితే తప్ప తెలియదు. హామీ ఇవ్వవలసిన మాటే అనుమానం పెట్టింది. ఇది ఈ తరం తెచ్చిన జాడ్యం కాదు. 18వ శతాబ్దం నుంచీ దాన్ని అతిశయోక్తికి ఇలా వాడుతున్నారు. మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు 1909లోనే ఈ అర్థాన్ని చేర్చుకుంది. నిఘంటువును తప్పుపట్టను, జనం ఎలా మాట్లాడుతున్నారో రాసిపెట్టడమే దాని బాధ్యత. అందులో ఉంది కాబట్టి మనమూ అలాగే వాడాలన్న నియమం మాత్రం లేదు.

'డెసిమేట్' గురించి గొడవపడేవాళ్లతో నేను కలవను. రోమన్ సైన్యంలో తిరుగుబాటు చేసిన దళం నుంచి చీటీలు తీసి, పదిమందిలో ఒకరిని తోటి సైనికుల చేతనే చంపించే శిక్ష అది. ఇప్పుడు భారీ విధ్వంసానికి వాడుతున్నారు. వాడనివ్వండి. ఆ పాత అర్థం ఈనాడు ఎవరికి అవసరం? 'నైస్' అన్న మాటకు ఒకప్పుడు తెలివితక్కువ అనే అర్థం ఉండేది. అది మారినందుకు ఎవరూ ఏడవలేదు.

'బెగ్ ద క్వశ్చన్' సంగతి కొంచెం వేరు. రుజువు చేయవలసినదాన్నే రుజువుగా చూపడం దాని అసలు అర్థం. 'అతను నమ్మదగినవాడు, అబద్ధమాడనని తానే చెప్పాడు కదా' అనడం లాంటిది. మన తర్కంలో దీనికి దగ్గరగా సాధ్యసమం అని చక్కటి పేరుంది. ఇంగ్లీషులోది లాటిన్ నుంచి వచ్చిన వంకర అనువాదం. మాటలను బట్టి అర్థం ఊహించలేం. అందుకే 'ఇక్కడ ప్రశ్న పుడుతుంది' అనే అర్థంలో వాడేవాళ్లను నేను తప్పుపట్టలేను.

'డిసింటరెస్టెడ్'కు ఉన్న 'స్వలాభం చూసుకోని' అన్న అర్థం పోవడం మాత్రం నష్టమే. ఒక మధ్యవర్తి గురించి నివేదికలో ఆ మాట రాశారనుకోండి. ఈ తగవులో ఆయనకు స్వలాభమేదీ లేదని మెచ్చుకున్నారా, లేక పట్టనట్టు కూర్చున్నాడని నిందించారా? 17వ శతాబ్దంలో ఆ మాటకు 'ఆసక్తి లేని' అన్న అర్థమూ ఉండేదని చరిత్ర తెలిసినవారు గుర్తుచేస్తారు. నిజమే. కానీ తర్వాత వచ్చిన తరాలు రెంటినీ విడదీసి, ఆసక్తి లేకపోవడానికి 'అనింటరెస్టెడ్'ను ఉంచుకున్నాయి. ఎంతో ఓపికగా విడదీసిన చిక్కును మళ్లీ ముడివేస్తున్నాం.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది 'రిఫ్యూట్'. ఒక సంస్థ ప్రతినిధి నాలుగు వాక్యాల ప్రకటన చదువుతాడు. ఒక్క కాగితం చూపడు, ప్రశ్నలు తీసుకోడు, లేచి వెళ్లిపోతాడు. మర్నాడు శీర్షిక: ఆరోపణలను 'రిఫ్యూట్' చేసిన సంస్థ. ఆ మాటకు అర్థం, ఆధారాలతో తప్పని నిరూపించడం. ఆయన చేసింది 'డినై', అంటే కాదనడం, అంతే. శీర్షిక రాసినవారు తెలియకుండానే తీర్పు చెప్పేశారు. ఆరోపణ చేసిన మనిషి అబద్ధాలకోరు అయిపోయాడు.

అనువాదంలో ఇది ఇంకా ముదురుతుంది. ఖండన మండనలు అన్నప్పుడు ఖండన అంటే ఎదుటివాదాన్ని యుక్తితో తెగగొట్టడం. ఇప్పుడు పత్రికల్లో 'రిఫ్యూట్' వచ్చినా ఖండించారు, 'డినై' వచ్చినా ఖండించారు, దాడిని తప్పుపట్టినా ఖండించారు. మూడు వేర్వేరు పనులు ఒకే క్రియలో కలిసిపోయాయి. 'నిరూపించి తోసిపుచ్చారు', 'కాదన్నారు', 'గర్హించారు' అని రాయడానికి మనకు మాటలు లేవా?

ఈసారి ఏ భాషలోనైనా ఆ శీర్షిక కనబడితే, కింది వార్తను చివరిదాకా చదవండి. రుజువు ఏ వాక్యంలో ఉందో వెతకండి. దొరకకపోతే, శీర్షికలో ఆ మాట కొట్టేసి పైన 'కాదన్నారు' అని పెన్సిలుతో రాసి, వార్తను మళ్లీ మొదటినుంచి చదవండి.