రైతు తరఫు వకీలు: ప్రకాశం పంతులు గారు

అధ్యక్షుల వారికి, బార్‌లోని పెద్దలకు, ఈ మధ్యే నల్లకోటు వేసుకున్న జూనియర్లకు నమస్కారం.

ప్రకాశం పంతులు గారి పేరెత్తగానే అందరికీ 1928 ఫిబ్రవరి 3 గుర్తుకొస్తుంది. మద్రాసులో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా జనం, పోలీసుల కాల్పులు, తుపాకీకి ఎదురుగా రొమ్ము చూపిన పంతులు గారు. ఆ తెగువకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కానీ ఇది లాయర్ల సభ. అందుకే ఆయన ప్లీడరు బుర్ర చేసిన పని గురించి చెబుతాను. నా లెక్కలో అది అంతకన్నా పెద్ద పని.

1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకారు. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు వెంటబెట్టుకుని రాజమండ్రి తీసుకెళ్ళి చదివించారు. అక్కడే ప్లీడరై, మున్సిపల్ ఛైర్మన్ కూడా అయ్యారు. ఎంత పేరున్నా సెకండ్ గ్రేడ్ ప్లీడరుకు హైకోర్టులో నిలబడి వాదించే అర్హత లేదు. దాంతో 1904లో ఇంగ్లండు వెళ్ళి, బారిస్టరై 1907లో మద్రాసు తిరిగొచ్చారు. ప్రాక్టీసు బ్రహ్మాండంగా సాగింది. గాంధీ గారి పిలుపు అందుకుని దాన్ని వదిలేసి, 1921లో 'స్వరాజ్య' పత్రిక పెట్టారు. సంపాదించిందంతా ఆ పత్రికే తినేసింది.

ఇక అసలు విషయం. 1937లో రాజాజీ మంత్రివర్గంలో పంతులు గారు రెవెన్యూ మంత్రి. జమీందారీ రైతుల కష్టాల మీద విచారణకు వేసిన కమిటీకి ఆయనే అధ్యక్షుడు. 1802 పర్మనెంట్ సెటిల్మెంటులో జమీందారు సర్కారుకు కట్టే పేష్కష్ శాశ్వతంగా ఖాయమైంది. రైతు జమీందారుకు కట్టే శిస్తు మాత్రం పెరుగుతూ పోయింది. మన దర్శి, పొదిలి వైపు పల్లెలు వెంకటగిరి జమీందారీ కిందివే కాబట్టి ఈ సంగతి మనకు పరాయిది కాదు.

వేరే నాయకుడైతే రైతు మీద జాలి చూపించమని అడిగి ఊరుకునేవాడేమో. పంతులు గారు టైటిల్ దగ్గరే పట్టుకున్నారు. భూమి ఎవరిది? జమీందారుకు దక్కింది శిస్తు వసూలు చేసుకునే హక్కే తప్ప భూమి మీద యాజమాన్యం కాదనీ, భూమి రైతుదేననీ 1938 నివేదికలో కమిటీ తేల్చింది. శిస్తును తిరిగి 1802 నాటి స్థాయికి తేవాలంది. సివిల్ కోర్టులో దావా నడిపినవాళ్ళకు తెలుసు, ఈ ఒక్క ఇష్యూ తేలితే మిగతావన్నీ దాని వెంటే నడుస్తాయి.

1939లో శాసనసభ ఆ నివేదికకు మద్దతు పలికింది. ఆ ఏడాదే యుద్ధం వచ్చి కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేయడంతో చట్టం కాకుండానే ఆగిపోయింది. జమీందారీ రద్దు చట్టం వచ్చింది 1948లో. అప్పటికి పంతులు గారు గద్దె మీద లేరు. 1946 ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్ర ప్రధాని (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి) అయిన ఆయన్ని ఏడాది తిరక్కుండానే సొంత పార్టీవాళ్ళే దించేశారు.

ఎమ్మెల్యేలను బుజ్జగించి తన వెంట ఉంచుకోవడం ఆయనకు చేతకాలేదు. అది లోపమే, దాచనక్కర్లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాక కూడా అదే కథ. 1954 నవంబరులో మద్యనిషేధం గొడవ మీద వచ్చిన అవిశ్వాసంలో ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. ఆ కాస్త వ్యవధిలోనే తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది, విజయవాడ దగ్గర కృష్ణ మీద కొత్త బ్యారేజీకి పునాది పడింది.

బార్ కార్యవర్గానికి నాదొక విన్నపం. ఆ 1938 నివేదిక ప్రతి ఒకటి సంపాదించి మన లైబ్రరీలో పెట్టించండి. జూనియర్లూ, పట్టా కేసు వాదించే ముందు అందులో భూమి ఎవరిదన్న చర్చను ఒక్కసారి తీరిగ్గా చదవండి.