బొంతలో నల్ల చొక్కా

నమస్కారమండీ. ప్రస్తుతం మేము కోనసీమలో, అంబాజీపేట దగ్గర మా ఊళ్ళో ఉన్నాము. కనుమనాడు జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ళ ప్రభలు, అంటే దేవుణ్ణి ఉంచి అలంకరించిన ఎత్తైన వెదురు చట్రాలు, ఎలా వస్తాయో, గంగలకుర్రు ప్రభలను కౌశిక నీళ్ళలో దింపి భుజాల మీద ఎలా దాటిస్తారో చూపిస్తానని కిందటి వారం చెప్పాను. ఆ వీడియో తరువాత వస్తుంది. ఈ రోజు మాత్రం మా పెరటి దండెం మీద ఆరుతున్న ఈ నల్ల టీషర్టు గురించి మాట్లాడాలి.

ఇది మా అమ్మాయిది. తను న్యూజెర్సీలో పదో తరగతి చదువుతోంది. దీని మీద ఉన్న పుర్రె ముఖం పేరు ఎడ్డీ. 1975లో లండన్‌లో స్టీవ్ హారిస్ మొదలుపెట్టిన ఐరన్ మెయిడెన్ అనే బృందానికి ఇది గుర్తు. హెవీ మెటల్ అనే హోరెత్తే రాక్ సంగీతం వాళ్ళది. డెరెక్ రిగ్స్ గీసిన ఈ బొమ్మ 1980లో వారి తొలి ఆల్బమ్ అట్ట మీదికి వచ్చింది. తరువాతి ఆల్బముల మీద కొత్త కొత్త వేషాలతో కనిపిస్తూనే ఉంది. భోగినాడు ఉదయం అమ్మాయి దీన్ని తొడుక్కుని అరుగు మీదికి రాగానే మా అమ్మ, "పండగ పూట నలుపేంటే అమ్మలూ, అందులోనూ పుర్రె బొమ్మా!" అంది. తను నవ్వి, లోపలికి వెళ్ళి లంగా ఓణీ వేసుకుని వచ్చింది. నాయనమ్మ మాటకు అది నొచ్చుకోలేదు. అదే చొక్కా గురించి బడిలో అడిగిన ప్రశ్నకు మాత్రం రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

అక్కడి హైస్కూలులో మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరి బల్ల వారిదే. ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవారు ఒకచోట, కొరియన్ పాటల అభిమానులు ఒకచోట, మన పిల్లలు మరొకచోట కూర్చుంటారు. నల్ల చొక్కాల వారికీ ఒక బల్ల ఉంది. నలుగురూ నడిచే దారిలో మేము నడవము అని చెప్పుకునేది వాళ్ళే. మా అమ్మాయి ఈ చొక్కాతో వెళ్ళి ఆ బల్ల దగ్గర కూర్చుంటే, "అయితే వీళ్ళవి మూడు పాటలు చెప్పు" అని అడిగారట. తనకు పది పాటలు వచ్చు. అయినా చెప్పలేదు. భోజనం పళ్ళెం తీసుకుని లేచి వచ్చేసింది.

ఆ పిల్లల అనుమానానికి కారణం లేకపోలేదు. ఇప్పుడు బ్యాండ్ చొక్కాలు ప్రతి బట్టల దుకాణంలోనూ దొరుకుతున్నాయి. కళ్ళ స్థానంలో ఇంటూ గుర్తులున్న నిర్వాణా పసుపు ముఖాన్ని వేసుకున్న వారిలో ఎందరికో ఆ బృందం పాట ఒక్కటీ తెలియదు. నల్లటి గుడ్డ మీద తెల్లని కొండల వరుసలా ఉండే జాయ్ డివిజన్ అనే మరో బృందం బొమ్మ సంగతీ అంతే. నిజానికి అవి కొండలు కావు. 1967లో జోసెలిన్ బెల్ మొదట గుర్తించిన పల్సార్ నక్షత్రం నుంచి వచ్చిన రేడియో తరంగాల గీతలు. 1979లో అవి ఒక ఆల్బమ్ అట్ట మీదికి ఎక్కి, అక్కడి నుంచి చొక్కాల మీదికి వచ్చాయి. తాము ప్రాణంగా వినే సంగీతం వట్టి అలంకారమైపోతుంటే ఆ వయసు పిల్లలకు మనసు కష్టపెట్టుకోవడం సహజమే. కానీ ఆ బాధను ఎదుటివారికి పరీక్ష పెట్టి తీర్చుకోవడం తప్పని నేను గట్టిగా అనుకుంటున్నాను. ఎందుకంటే ఆ పరీక్షను ఇదే ఊళ్ళో నేనూ ఒకరికి పెట్టాను.

అది 1993. మా పదో తరగతిలో ఇళయరాజా పాటలంటే ప్రాణం పెట్టేవాళ్ళదే పెద్ద గుంపు. ఏడాది కిందటే వచ్చిన రెహమాన్‌ను నెత్తిన పెట్టుకున్నది రెండో గుంపు. పాటల పేర్లు చీటీ మీద రాసి, అరవై నిమిషాల క్యాసెట్టుతో పాటు రికార్డింగ్ షాపులో ఇచ్చి, వారం తరువాత తెచ్చుకునేవారు. ఇంగ్లీషు పాటలు వినే మేము నలుగురమే. బెంగళూరులో ఇంజనీరింగ్ చదివే మా పెదనాన్నగారి అబ్బాయి సెలవులకు తెచ్చిన మూడు క్యాసెట్లే మా ఆస్తి. వాటిని టూ ఇన్ వన్‌లో అరగదీసి విని, మాటలు సగం అర్థం కాకపోయినా, తక్కిన తరగతి కంటే మేము వేరని నమ్మాము.

బడికి యూనిఫాం తప్పనిసరి కనుక, ఎవరేమిటో బట్టలలో తెలిసేది సాయంత్రం ట్యూషన్‌లోనే. ఒకరోజు, ఎప్పుడూ వెనక వరుసలో మాట్లాడకుండా కూర్చునే కుర్రాడు ఐరన్ మెయిడెన్ చొక్కా వేసుకుని వచ్చాడు. అది అతనికి మోకాళ్ళ దాకా ఉంది. మాలో ఒక్కరికీ లేని చొక్కా అది. "ఒరేయ్, దాని మీద ఏం రాసుందో చదువు. ఒక్క పాట పేరు చెప్పు" అని అందరి ముందూ నిలదీసింది నేనే. అతను బొమ్మ మీద చెయ్యి కప్పుకుని తల దించుకున్నాడు. ఆ చొక్కా మళ్ళీ ట్యూషన్‌లో కనిపించలేదు. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ వాళ్ళు బెంగళూరులో కచేరీ చేశారన్న వార్తను అమెరికాలో చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది పాట కాదు, ఆ చెయ్యి.

నిన్న అమ్మాయిని వెంటబెట్టుకుని అతని ఇంటికి వెళ్ళాను. ఇప్పుడతను కొబ్బరి వ్యాపారం చేస్తున్నాడు. వాకిట్లో కాయలు రాశి పోసి ఉన్నాయి. "ఏరా, ఎన్నాళ్ళకి!" అని మంచం వాల్చాడు. నేను చొక్కా మాట ఎత్తి, తప్పు చేశానని చెప్పాను. అతను కాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పాడు. ఆ రోజులలో వాళ్ళ అమ్మ కువైట్‌లో ఒకరి ఇంట్లో పనికి ఉండేదట. ఆ ఇంటి పిల్లలు పక్కన పడేసిన బట్టలను ఉతికి, మడిచి, ఊరికి వచ్చేవారితో పంపేదట. "దాని మీద ఏం రాసుందో నాకెందుకురా? అమ్మ పంపిందని వేసుకున్నాను" అన్నాడు.

లోపలికి వెళ్ళి ఒక పాత బొంత తెచ్చి మంచం మీద పరిచాడు. తిరిగి వచ్చాక వాళ్ళ అమ్మ కుట్టినది. చీర ముక్కల మధ్య వెలిసిపోయిన నల్లని చతురస్రం ఒకటి, దాని మీద పగుళ్ళిచ్చిన రంగులో ఒక కన్ను, పక్కన పసుపూ నీలమూ చారలు. మా అమ్మాయి ఒంగి ఆ చారలను వేలితో తడిమి, "బాబాయ్ గారూ, ఇది ఎడ్డీ ఈజిప్టు ఫరో వేషంలో ఉన్న బొమ్మండీ, 1984 ఆల్బమ్‌ది" అంది. దాన్ని వీడియో తీయనా అని నేను అడిగితే, అమ్మ గుడ్డలు కదా, వద్దురా అన్నాడు. అందుకే మీకు చూపించలేకపోతున్నాను.

అమ్మాయి తన ఇయర్‌ఫోన్ ఒకటి అతనికిచ్చి, ఒకటి తాను పెట్టుకుని, ఆ ఆల్బమ్‌లోని మొదటి పాట పెట్టింది. అతను బొంత అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. "చాలా వేగంగా ఉందమ్మా" అని, ఇంకొకటి పెట్టమన్నాడు.